చూడబోవు అతిథి

అతిథిని ఆదరించువాని ధర్మమును గూర్చి మన పెద్దలు చెప్పినంత విపులముగా, అతిథి తాను నడచుకొనవలసిన తీరును గూర్చి చెప్పినట్లు కానరాదు. ఇంటివానికి నియమములు పెక్కు గలవు. కాళ్లకు నీళ్లీయవలెను, పీట వేయవలెను, తాను తినకముందే వచ్చినవానికి వడ్డింపవలెను. వచ్చినవానికి మాత్రము లోకము పెట్టినది ఇంచుమించు ఒకటే నిషేధము: తిన్నయింటి వాసములు లెక్కపెట్టరాదు. అంతకుమించి అక్కరలేదని పూర్వులు తలచియుందురు. ఆ దినములలో అతిథి యొక్కడు వచ్చును, తినును, మరునాడు తన దారిని తాను పోవును. నేటి అతిథులు విమానములలో దిగుచున్నారు. వారికి అన్నము పెట్టనక్కరలేదు, డబ్బిచ్చి తినుచున్నారు. వారు కోరునది చూపు. మీ కొండ చూపుడు, మీ అడవి చూపుడు, మీ మృగములను చూపుడు అని వారడుగుచున్నారు.

చూచినంతమాత్రమున పోవునదేమి అని మన సామాన్యాభిప్రాయము. గోపురమును లక్షమంది చూచినను గోపురము తరుగదు. చంద్రుని చూచుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. తాకినవాడు, కోసినవాడు, ఎత్తుకొనిపోయినవాడు తప్పు చేసినవాడుగాని, చూచినవానికి దోషమెక్కడిది? చాలకాలము మేమును ఈ వాదమును ప్రశ్నింపలేదు. పశ్చిమాఫ్రికాయందలి వర్షారణ్యములను గూర్చి చదువుచుండగా ఇది అంత సులభముగా నిలుచునది కాదని తోచినది. మన సంఘపు సంచికలో అంత దూరపు అడవుల ప్రసక్తి యేలయని చదువరులు అడుగవచ్చును. అది ముందు తెలియగలదు.

ఐవరీకోస్టు దేశమున నైరృతి దిక్కున, లైబీరియా పొలిమేరకు చేరువగా, కవల్లీ, ససాండ్రా అను రెండు నదుల నడుమ తాయి అను అడవి కలదు. ఏనుగుదంతములవలన పేరు వచ్చిన ఆ దేశములో నేడు ఏనుగులే బహుస్వల్పముగా మిగిలినవన్నది వేరు సంగతి. ఆ దేశమును 1960 వరకు ఏలినది ఫ్రెంచివారు. 1954 వరకు అదే జెండా క్రింద నున్న మన యానాము కుటుంబములలోని వృద్ధులకు ఆ దొరతనపు తీరు తెలియనిది కాదు. 1926లోనే ఆ ప్రభుత్వము తాయి ప్రాంతమును రక్షితారణ్యముగా గుర్తించినది. స్వతంత్రదేశము 1972లో దానిని జాతీయవనముగా ప్రకటించినది. 1982లో అది యునెస్కో ప్రపంచవారసత్వ జాబితాకెక్కినది. వైశాల్యము సుమారు 3,300 చదరపు కిలోమీటర్లు. ఏటా 1,700 మొదలు 2,200 మిల్లీమీటర్లవరకు వాన. పశ్చిమాఫ్రికాయందు గొడ్డలి యెరుగని మహారణ్యములలో నేటికి నిలిచినవాటిలో ఇది ముఖ్యమైనది. మరుగుజ్జు నీటిగుఱ్ఱము అను జంతువు, మామూలు నీటిగుఱ్ఱమునకు బిడ్డవలె కనబడునది, ఇక్కడ రాత్రివేళ ఏటిగట్టులవెంట ఒంటరిగా తిరుగును. నెలలతరబడి అడవిలో నున్నవారికిని అది కంటబడుట అరుదు.

ఈ అడవికి పేరు తెచ్చినవి చింపాంజీలు. అవి కాయలను రాళ్లతోను, కఱ్ఱలతోను పగులగొట్టుకొని తినును. ఈ సంగతి చెప్పినంత చిన్నది కాదు. చెట్టు వేరు మీది గుంటలో కాయ నుంచి, పైనుండి కఱ్ఱతో మోదవలెను. దెబ్బ తక్కువైనచో పెంకు పగులదు, ఎక్కువైనచో పప్పు నుగ్గగును. పాండా అను చెట్టుకాయ మఱింత గట్టిది. దానికి కఱ్ఱ పనికిరాదు, రాయి కావలెను. ఆ అడవిలో మంచి రాయి సులభముగా దొరకదు గనుక ఒక చెట్టు క్రిందినుండి మఱియొక చెట్టు క్రిందికి రాతిని మోసికొనిపోవును. పిల్ల తల్లి ప్రక్కన కూర్చుండి యేండ్లకొలది చూచును, తల్లి పగులగొట్టిన పప్పులో పాలు తీసికొనును, తల్లి విడిచిన రాతితో తానును కొట్టిచూచును. పని చక్కగా పట్టుబడుటకు పదేండ్ల వయస్సు రావలెనట. పురావస్తు పండితులు ఆ నేలను త్రవ్వగా చింపాంజీలు వాడినవని తేలిన రాళ్లు దొరికినవి. వాటి వయస్సు 4,300 సంవత్సరములని 2007లో ప్రకటించిరి. వ్రాత లేదు, బడి లేదు, తల్లిప్రక్కన కూర్చుండి చూచుటయే చదువు. ఆ చదువు నాలుగువేల యేండ్లు తెగకుండ వచ్చినదనుకొన్నప్పుడు, నాలుగు తరములు గడవకమునుపే ఇంటి భాషను పోగొట్టుకొనుచున్న కుటుంబములు మనలో ఎన్ని గలవో జ్ఞప్తికి రాక మానదు.

క్రిస్టొఫ్ బోష్ అను స్విస్ పండితుడు తన సహధర్మచారిణితో కూడ 1979లో అచట పరిశీలన మొదలిడెను. చింపాంజీలు మనుష్యుని చూచినంతనే పారిపోవును. వాటికి భయము తీరి, మనుష్యుని ఒక చెట్టుమోడువలె లెక్కచేయక తమ పని తాము చేసికొనుటకు ఏండ్లు పట్టినది. అన్ని యేండ్లు వారు చేసినది వెంబడించుట, కూర్చుండుట, హాని చేయకుండుట, అంతే. ఆ ఓర్పునకు మేము నమస్కరింపవలసినదే. ఆ భయము పోయినపిమ్మటనే లోకము వాటి పనితనమును చూడగలిగినది, యాత్రికులును పోగలుగుచున్నారు.

అయితే భయముతోపాటు దూరమును పోయినది. 1999, 2004, 2006 సంవత్సరములలో ఆ చింపాంజీలకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చి గుంపులు గుంపులుగా దగ్గినవి, కొన్ని చనిపోయినవి. చనిపోయినవాటిని పరీక్షింపగా, మన పిల్లలకు జలుబు దగ్గు తెచ్చు వైరసులే వాటి యందును కనబడినవి. మనుష్యులనుండియే వాటికి సోకినవని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వారు దాచలేదు. ప్రకటించినవారిలో తాయి పరిశీలకులే యుండిరి. ఆ నిజాయితీ అరుదైనదని మా అభిప్రాయము. ఏండ్లతరబడి ప్రేమించి, పేరు పెట్టి పిలిచిన ప్రాణులకు చేటు తమ వర్గమువలననే వచ్చినదని చేవ్రాలు చేయుట తేలిక కాదు. చేటు ఒకవైపునుండియే రాదనుటకును అదే అడవి సాక్ష్యము. 1994లో చనిపోయిన చింపాంజీని కోసి పరీక్షించిన పరిశీలకురాలికి ఎబోలా జాతి జ్వరము సోకినది. ఆమెను స్విట్జర్లాండునకు తీసికొనిపోగా బ్రతికినది.

కనుక చూపునకు సుంకము లేదను మాట ఇక్కడ చెల్లదు. తాకలేదు, కోయలేదు, ఒక ఆకైనను గిల్లలేదు. ఊపిరి విడిచినారు, అంతే. ఊపిరి విడువక చూచుట ఎవరి తరము?

ఇక్కడితో ఆగినచో తీర్పు సులభము. ఎవరును పోవద్దు, అడవిని దాని మానమున విడువుడు అని చెప్పి చేతులు కడుగుకొనవచ్చును. మా మిత్రులలో కొందరట్లే అందురు. కాని అడవిని దాని మానమున విడిచినప్పుడు దానికడకు పోవువాడు దొంగవేటగాడు. తాయిలో పరిశీలకులు తిరుగుచున్న చోటికి దగ్గరగా కోతులును చింపాంజీలును ఎక్కువగా బ్రతికియున్నవనియు, దూరము పోయినకొలది తుపాకిమందు గుళికలును ఖాళీ కొమ్మలును కనబడుననియు, 2011లో ఇంకొక పరిశీలనలో తేలినది. పగలంతయు అడవిలో మనుష్యుల అలికిడి యుండుటయే కావలి. అనగా జబ్బు తెచ్చిన పాదములే ప్రాణములనుగూడ కాచినవి. అదే నడక, అదే త్రోవ. దీనిని పాపపుణ్యముల లెక్కలో ఎట్లు చేర్చుదురు? ఏండ్లకొలది జమాఖర్చులు వ్రాసిన మాకు, ఒకే పద్దు రెండువైపుల పడినప్పుడు కలుగు చిక్కు తెలియును. అట్టి పద్దును కొట్టివేయుటయు తప్పే, చూడనట్లు ఊరకుండుటయు తప్పే. దాని ప్రక్కన షరతు వ్రాయవలెను. ఆ షరతులు వ్రాయబడినవి కూడ. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు 2010లో ప్రకటించిన నియమావళి ప్రకారము, చూడబోవువాడు ముక్కునకు నోటికి మాస్కు కట్టుకొనవలెను, ఏడు మీటర్లకంటె దగ్గరకు పోరాదు, ఒక్క గంటకంటె నిలువరాదు, ఒంట్లో బాగులేనివాడు అసలు పోరాదు. మనకు ఇదేమంత వింత? మైలపడినవాడు గర్భగుడి గడప దాటకుండుట మన యిండ్లలో పిల్లలకును తెలిసినదే. అచట మైల భావములోనిది, ఇచట దగ్గులోనిది. అంతే భేదము.

ఇంతకంటె సుఖముగా పోయి చూచు అడవి యొకటి ఘనాదేశమున కలదు. కేప్ కోస్టు పట్టణమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న కకుమ్ అడవిని 1992లో జాతీయవనముగా చేసిరి. 1995లో అందు చెట్ల తలలమీదుగా వ్రేలాడు వంతెన కట్టిరి. ఏడు పెద్దచెట్లను కలుపుచు 350 మీటర్ల పొడవున, నేలకు ముప్పది నలువది మీటర్ల పైన, వలవంటి గోడలనడుమ ఒక్కరొక్కరుగా నడువవలెను. మా మిత్రులొకరు కుమారుని కడకు ఆక్రాకు పోయినప్పుడు దీనిని చూచివచ్చిరి. ఏమి చూచితిరని అడుగగా వారు చిరాకుపడి, ఏనుగు లేదు, కోతి లేదు, పిచ్చుక లేదు, ఆకులు మాత్రము కలవు, ముందు నడచువారు భయపడి వేసిన కేకలు వినబడినవి అనిరి. రుసుము దండుగయైనదని వారి బాధ. నిజమునకు ఆ అడవిలో ఏనుగులు కలవు, బొంగో అను చారల పెద్దజింక కలదు. కేకలు వేయు వంతెనకు దూరముగా నున్నవి, అంతే. మాకు మాత్రము వారి నష్టమే అడవికి లాభమని తోచినది. వచ్చినవాని కంటబడకుండ ఉండు హక్కు మృగములకు లేదా? గోషా పాటించు ఇంటికి పోయి వసారాలో కూర్చుండి కాఫీ త్రాగి వచ్చినవాడు, ఇంటి స్త్రీలు కనబడలేదని అలుగునా? వంతెన వసారా, అడవి లోగిలి. మిత్రులు ఈ ఉపమానమునకు నవ్విరిగాని ఒప్పుకొనలేదు.

అయితే ఆ ఏనుగులను నిత్యము చూచువారు వేఱుగా కలరు. అడవి అంచున మొక్కజొన్న, కఱ్ఱపెండలము వేసికొన్న రైతులు. వారు రుసుము చెల్లింపరు. చీకటిపడినపిమ్మట ఏనుగులే వారి చేలకు వచ్చి చూపించుకొనును, తెల్లవారువరకు చేను చేను కాదు. మిరపకారమును కందెనతో కలిపి గుడ్డపీలికలకు పూసి, త్రాళ్లకు కట్టి చేనిచుట్టు కట్టుదురట. ఏనుగు ఆ ఘాటునకు వెనుదిరుగును. మిరపకాయకు ఇంతటి గౌరవము దక్కినదని గుంటూరువారు సంతోషింపవచ్చును. కాని త్రాడు, మిరప, కందెన రైతు కొనవలెను, వాన వెలిసినపిమ్మట మరల పూయవలెను. జాతీయవనము కాకమునుపు అదే అడవిలో ఆ ఊళ్లవారు నత్తలు ఏరికొనిరి, బెత్తము కోసికొనిరి, వేటాడిరి. ఇప్పుడది నేరము. అడవి తమది కాదు, అడవి ఏనుగు మాత్రము తమ చేనిది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననీయదు అన్నట్లు. వంతెనమీద నడచి ఆనందించిన అతిథికి ఇంటివాడెవడు? రుసుము పుచ్చుకొను గుమాస్తాయా, రాజధానిలోని శాఖయా, మిరపపూత పూయు రైతా? వడ్డించినవాడు ఒకడు, దండ వేయించుకొన్నవాడు ఇంకొకడు అయినచో, ఆ విందు ఎట్టిది?

ఈ ప్రశ్నకు ఐవరీకోస్టులో మఱింత పదును గలదు. మన సంచికలో ఈ విషయమెత్తుటకు ముఖ్యకారణమును ఇదియే. ఆ దేశపు తొలి అధ్యక్షుడు హూఫ్వే బ్వాన్యీ, నేల సాగుచేసినవానికే చెందునను భావమును ప్రచారము చేసి, ఇతర మండలములనుండియు, ఉత్తరముననున్న బుర్కినా ఫాసో, మాలి దేశములనుండియు శ్రమజీవులను నైరృతి అడవుల దిక్కునకు రానిచ్చెను. వారు వచ్చి అడవి నరికి కోకో వేసిరి. ఆ కోకోవలన దేశము ప్రపంచమున ప్రథమస్థానమున నిలిచినది. ఆ కోకోవలననే అడవి తరిగిపోయినది. పిల్లలు పుట్టిరి, మనుమలు పుట్టిరి. పిమ్మట కాలము మారినది. 1998లో చేసిన చట్టము పల్లెభూమిపై యాజమాన్యము ఆ దేశపౌరులకే యుండవలెనని శాసించినది. ఎవడు ఈ నేలవాడు, ఎవడు పైవాడు అను కలహము ఆ దేశమునకు 2002లో యుద్ధము తెచ్చిపెట్టిన కారణములలో నొకటి. 2016లో మోన్ పేకో అను మఱియొక జాతీయవనమునుండి, అందు కోకో వేసికొని బ్రతుకుచున్న వేలాదిమందిని ప్రభుత్వము ఖాళీ చేయించినది. నిలువ నీడ చూపక పంపిరని మానవహక్కుల సంఘములు ఆక్షేపించినవి.

విజయనగరపు రోజులలో కావేరిదిక్కునకు వచ్చినవారి సంతతి, షోలాపురపు మగ్గములకు వచ్చినవారి సంతతి, బరంపురములో రాష్ట్రరేఖ ఇటుప్రక్క నిలిచిపోయినవారి సంతతి ఈ సంచికను చదువుదురు. ఎన్ని తరములైనను, మీదే ఊరు అను ప్రశ్న మనలను విడువలేదు. మన అదృష్టమువలన ఆ ప్రశ్న పెక్కుచోట్ల చిరునవ్వుతోనే అడుగబడుచున్నది. కావున ఆ కోకోరైతు సంగతి మనము అందరికంటె బాగుగా గ్రహింపగలము. వారము దినములకు వచ్చిన యాత్రికుడు అతిథి, ముప్పదియేండ్లు పాటుపడినవాడు పరదేశి. ఈ రెండు పేరులు పెట్టినది అడవి కాదు. అట్లని అడవి నరికినవాని ప్రక్కన నిలువవలెననియు మేము చెప్పజాలము. అడవి నిలువవలసినదే. తాయిలో కాయ కొట్టుకొను తల్లికిని బిడ్డకును వేఱు దేశము లేదు, వలసపోవుటకు చోటు లేదు. ఇక్కడ రైతు పక్షము వహించినచో అడవికి అన్యాయము, అడవి పక్షము వహించినచో రైతునకు అన్యాయము. ఖాళీ చేయింపవలసివచ్చినప్పుడైనను ముందుగా చెప్పుట, వేఱుచోట నేల చూపుట, పిల్లల బడి చెడకుండ చూచుట, ఇవి దయ క్రింద వ్రాయవలసిన పద్దులు కావు, బాకీ క్రింద వ్రాయవలసినవి. ఇది మా దృఢమైన అభిప్రాయము.

పోనివాడు నిర్దోషియా అను మాటయు చూడవలెను. మేము కదలలేదు, ఏ చింపాంజీకిని జలుబు అంటింపలేదు అని ఇంట కూర్చున్నవాడు సంతోషింపవచ్చును. కాని ప్రపంచపు కోకోలో సగమునకు పైగా ఐవరీకోస్టు, ఘనా దేశములదే. పండుగకు మనుమలకు తెచ్చు చాక్లెట్టు ఏ చెట్టునీడలో పండినదో మనము అడుగుట లేదు. నేడు మన వంటింటిలోని పామాయిలు చెట్టు పుట్టిల్లు ఆ పశ్చిమాఫ్రికా అడవులే. అది గోదావరి మండలములకు కాపురమునకు వచ్చినది. పలాసలో పప్పుగా మారు జీడిపిక్కలలో చాల భాగము ఆఫ్రికానుండి ఓడలలో వచ్చుచున్నవి, ఆ దేశముల ఉత్తరభాగపు మెట్టలలో పండినవి. దూరపు కొండలు నునుపని మనము అనుకొనుచుండగనే వాటి పంట మన డబ్బాలలోనికి వచ్చినది. చూడబోయినవాడు ఒక గంట అతిథి. చూడనివాడు జీవితాంతము అతిథి, వడ్డించినవాని పేరైనను ఎరుగని అతిథి.

అడవి తన తిండి తాను సంపాదించుకొనవలెను, అందులకే యాత్రికులు కావలెను అనువారు నేడు పెక్కురు. సియెర్రా లియోన్ దేశములో మోవా నదినడుమ తివాయి అను దీవి కలదు. పన్నెండు చదరపు కిలోమీటర్లు మాత్రమే. అందు చింపాంజీలతో కలిపి పదునొకండు వానరజాతులు కలవు. దీవి అటునిటునున్న మెండే ప్రజల గ్రామమండలములదే ఆ నేలపై హక్కు. యాత్రికులవలన వచ్చు సొమ్ములో వారికి పాలు. ఇది కకుమ్ కంటె న్యాయముగా కనబడుచున్నది. కాని 1991లో అంతర్యుద్ధము వచ్చి పదకొండేండ్లు యాత్రికుడు లేడు. 2014లో ఎబోలా, 2020లో కరోనా వచ్చి మరల లేడు. యాత్రికుడే అడవికి అన్నదాత యని నేర్పినచో, యాత్రికుడు రాని యేడు గొడ్డలి పట్టవచ్చునని కూడ నేర్పినట్లు కాదా? 2025 జూలైలో గోలా అడవులతో కలిపి ఆ దీవికి ప్రపంచవారసత్వ గౌరవము వచ్చినది, సంతోషమే. అయినను ముసలితల్లి నెలకు ఇంత సంపాదించి తెచ్చినగాని అన్నము పెట్టను అనువానిని మనము ఏమందుము? ఆమె పని చేయవలసిన దినములు చేసినది. వానను పిలిచినది, మట్టిని నిలిపినది, ఊపిరి నిచ్చినది. పింఛనుమీద బ్రతుకు మావంటివారు దీనిని మఱువజాలరు.

రుసుము సంగతి యొకటి మిగిలినది. ఎన్నో మైళ్లు వచ్చి, సొమ్ము కట్టి, తెల్లవారి లేచునప్పటికి తుమ్ము వచ్చినవాడు నియమప్రకారము ఊరిలోనే ఆగిపోవలెను. అతనికి రుసుము తిరిగి ఈయవలెనా యని మిత్రులు అడిగిరి. ఈయరాదని మా మతము. అతడు కట్టినది చూచుటకు కాదు, చింపాంజీలు అచట ఉండుటకు. అవి ఉన్నవి. ఆ ఉదయమున అతడు ఊరి అంగడిలో కూర్చుండి, రాత్రి ఏనుగు ఎవరి చేనికి వచ్చినదో విచారింపవచ్చును.